జుంటా అనగానేమి?

ధ్యానభాగము: 2 రాజులు 9:1–13, 10:1–9, 11:4–17, హోషేయ 1:4

జుంటి అను మాట వినగానే తెలుగువారికి తేనె జ్ఞాపకమునకు వచ్చును. బైబిలు చదువువారికి జుంటితేనె మరియు పరిచితమైన మాట. కాని వార్తాపత్రికలలో అప్పుడప్పుడు కనబడు ‘జుంటా’కు ఆ తేనెతో ఎట్టి సంబంధమును లేదు. ఏదో ఒక దేశమున సేనాధిపతులు రాత్రివేళ రేడియో స్టేషనును, మంత్రుల ఇండ్లను చుట్టుముట్టి, తెల్లవారునప్పటికి తామే ప్రభుత్వమని ప్రకటించుకొనిరనుకొందము. మరునాడు పత్రికలు వారిని జుంటా అని వ్రాయును. ఈ మాటకు అర్థమేమి? ఇట్టి ప్రభుత్వమును విశ్వాసి ఏ దృష్టితో చూడవలెను? ఈ రెండు ప్రశ్నలను ఈ మాసము మనము ఆలోచింతము.

జుంటా స్పానిషు భాషలోని మాట. కూడిక అని దాని అర్థము. జతచేయుట, కాడి కట్టుట అను అర్థముగల లాటిను ధాతువునుండి అది పుట్టినది. సంస్కృతమునందలి ‘యుజ్’ ధాతువు దానికి తోబుట్టువు. యోగము, సంయోగము, యుగ్మము అను మాటలు మనకు ఆ ధాతువునుండియే వచ్చినవి. ఎద్దుల మెడమీది కాడికి ఇంగ్లీషువారు వాడు మాట కూడ ఆ కుటుంబములోనిదే. కాబట్టి జుంటా అనగా ఒక కాడి క్రింద కలిసి నడచువారు అని మూలార్థము. స్పానిషు మాటలాడు దేశములలో నేటికిని ఈ మాట నిందావాచకము కాదు. ఒక సంఘపు కార్యనిర్వాహక కమిటీయు అక్కడ జుంటాయే. స్పెయినులోని ఆండలూసియా ప్రాంతపు ప్రభుత్వము, జనుల ఓట్లచేత ఏర్పడునదైనను, జుంటా అను పేరుతోనే పిలువబడుచున్నది.

ఈ మాటకు రాజకీయములలో గొప్ప గౌరవము కలిగిన కాలము కూడ ఒకటి కలదు. 1808లో నెపోలియను స్పెయిను రాజవంశమును తొలగించి, తన అన్నయైన జోసెఫును ఆ సింహాసనముమీద కూర్చుండబెట్టెను. పరాయి రాజును ఒప్పుకొననొల్లక పట్టణ పట్టణమున పెద్దలు కూడి జుంటాలుగా ఏర్పడిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో వాటన్నిటికి పైగా ఒక కేంద్ర జుంటా ఏర్పడెను. ఆ తరంగము సముద్రము దాటి దక్షిణ అమెరికాకు పోయెను. 1810 మే 25న బ్వేనోస్ ఐరెస్‌లోను, సెప్టెంబరు 18న చిలీ దేశపు సాంటియాగోలోను జుంటాలు ఏర్పడెను. నేటికిని ఆ రెండు దినములు ఆ రెండు దేశములలో జాతీయ పండుగలు. రాజు లేనప్పుడు ఊరివారు కూడి ఊరి భారము మోయుట — ఇది ఆనాటి జుంటా.

అదే చిలీలో, అదే సెప్టెంబరు మాసములో, 163 సంవత్సరముల తరువాత ఏర్పడిన జుంటా వేరు. దాని సంగతి చెప్పుటకు ముందు, ఇప్పుడు లోకము ఈ మాటను ఏ అర్థమున వాడుచున్నదో స్పష్టము చేసికొందము. ఆయుధబలముచేత ప్రభుత్వమును పట్టుకొని, జనులచేత ఎన్నుకొనబడక, తమకు పైగా ఏ చట్టమునకును లోబడక, గుంపుగా కూర్చుండి ఏలు సేనాధిపతుల సమూహమే జుంటా. ఒక్కడే ఏలినయెడల వానిని నియంత అందుము. జుంటాలో పలువురు ఉందురు. ఎందుకనగా సైన్యమునకు, నౌకాదళమునకు, వైమానికదళమునకు వేరువేరు ఆయుధములును వేరువేరు అధిపతులును కలరు. ఒకరి ఆయుధమునకు మరియొకరు భయపడుదురు గనుక అందరును ఒకే బల్లయొద్ద కూర్చుందురు. మరియొక కారణము కూడ కలదు. పలువురు కలిసి చేసిన పనికి ఎవ్వరును ఒంటరిగా జవాబు చెప్పనక్కరలేదని మనుష్యుడు తలంచును. ఈ రెండవ కారణమే మన ఆలోచనకు ముఖ్యమైనది.

1973 నాటికి చిలీ దేశము మిక్కిలి కలవరములో ఉండెను. 1970లో ఎన్నికైన అధ్యక్షుడు సాల్వడోర్ అయ్యెండె సోషలిస్టు. ధరలు విపరీతముగా పెరిగెను, సరుకులు దొరకలేదు, లారీల యజమానులు సమ్మె కట్టిరి. సైన్యము కలుగజేసికొనిన బాగుండునని కోరినవారు సామాన్యులలోను అనేకులు. ఆ సెప్టెంబరు 11న వైమానికదళము అధ్యక్షుని భవనముపై బాంబులు వేసెను. అయ్యెండె ఆ భవనములోనే మరణించెను. ఆ రాత్రి నలుగురు ప్రమాణము చేసి అధికారములో కూర్చుండిరి: సైన్యమునకు అగస్టో పినోచె, నౌకాదళమునకు మెరీనో, వైమానికదళమునకు లే, జాతీయ పోలీసుకు మెండోసా. పార్లమెంటు మూయబడెను. అధ్యక్షస్థానము నలుగురిలో వంతులవారీగా తిరుగునని మొదట చెప్పుకొనిరి. ఆ వంతు ఎన్నడును తిరుగలేదు. 1974 డిసెంబరు నాటికి పినోచె అధ్యక్షుడని అనిపించుకొనెను. 1978లో లే ఎదురు మాటలాడగా అతనిని పదవినుండి తొలగించిరి. కూడిక అను పేరుతో మొదలైనది ఒక్కని పాలనగా ముగిసెను. 1988 అక్టోబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనులు వద్దనిరి. 1990 మార్చి 11న అధికారము ఎన్నికైనవారికి అప్పగింపబడెను. ఈ మధ్యకాలములో చంపబడినవారును కనబడకుండ పోయినవారును కలిసి మూడు వేలకు పైగా ఉందురని తరువాత ఏర్పడిన ప్రభుత్వ కమిషనులు లెక్కించెను. హింసింపబడినవారు వేలకొలది.

అప్పుడు క్రీస్తు సంఘము ఏమి చేసెను? ఇది మనము తప్పించుకొనరాని ప్రశ్న. 1973లోనే రోమను కాథలిక్కులు, లూథరనులు, మెథడిస్టులు, వారితో యూదులును కలిసి, చెరలోనున్నవారికిని వారి కుటుంబములకును సహాయము చేయుటకు ఒక కమిటీని స్థాపించిరి. దాని నాయకులలో ఒకడైన లూథరను బిషప్పు హెల్ముట్ ఫ్రెన్స్ 1975లో విదేశమునకు వెళ్లగా, మరల దేశములోనికి రానియ్యలేదు. ఆ సంవత్సరాంతమున పినోచె కోరికమీద ఆ కమిటీ మూయబడెను. మరుసటి జనవరిలో కార్డినల్ సిల్వా అదే పనిని తన సంఘపు పేరున మరల మొదలుపెట్టెను. ఇది ఒక ప్రక్క. మరియొక ప్రక్క, 1974 డిసెంబరులో ప్రొటెస్టెంటు పాదిరులు కొందరు, సైన్యము రాక విశ్వాసుల ప్రార్థనలకు దేవుడిచ్చిన జవాబని బహిరంగముగా ప్రకటించిరి. ఆ నెలలోనే సాంటియాగోలో ఒక గొప్ప పెంతెకొస్తు దేవాలయపు ప్రతిష్ఠకు పినోచె వచ్చి కూర్చుండెను. మరుసటి సంవత్సరము లూథరను సంఘము ఈ విషయముననే రెండుగా చీలెను. ఇరుపక్షములవారును ఒకే బైబిలు చదివిరి, ఒకే ప్రభువునకు ప్రార్థించిరి.

జుంటాను సమర్థించువారు సాధారణముగా రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయమును చూపుదురు. అధికారము దేవునివలన కలిగినది గనుక లోబడవలెనని పౌలు నేర్పెను గదా అందురు. నిజమే, నేర్పెను. కాని అదే అధ్యాయములో అధికారి యెవరో కూడ చెప్పెను. మేలు చేయువారిని మెచ్చుకొనుటకును, కీడు చేయువారికి భయము కలిగించుటకును నిలిచిన పరిచారకుడు అతడు. పరిచారకునికి యజమానుడు ఉండును. యజమానునికి లెక్క అప్పగింపవలెను. పౌలు ఈ బోధను తన జీవితములో ఎట్లు ఆచరించెనో చూతము. ఫిలిప్పీలో విచారణ లేకుండ బెత్తములతో కొట్టించిన న్యాయాధిపతులు, మరునాడు ఆయనను రహస్యముగా పంపివేయజూచిరి. ఆయన కదలలేదు. వారే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెనని కోరెను (అపొ. కార్యములు 16:37). ఆయన రాళ్లు రువ్వలేదు, జనులను రేపలేదు. అయినను చేసినదానికి జవాబు చెప్పుడని అధికారులను అడిగెను. లోబడుటయు లెక్క అడుగుటయు ఆయనయందు కలిసియుండెను.

లేఖనములలోనే ఒక జుంటా కలదని చెప్పిన కొందరు ఆశ్చర్యపడుదురేమో. రామోత్గిలాదులో సైన్యాధిపతులు కలిసి కూర్చునియుండగా ఒక యౌవనుడైన ప్రవక్త వచ్చి, అధిపతీ, నీతో మాటలాడవలెననెను. మా అందరిలో ఎవనితో అని యెహూ అడిగెను. అతడు అభిషేకము పొంది బయటికి రాగా, తోటి అధిపతులు మొదట ఆ వచ్చినవాడు వెఱ్ఱివాడని నవ్విరి. సంగతి విన్న వెంటనే తమ వస్త్రములను మెట్లమీద పరచి, బాకా ఊది, యెహూ రాజని చాటించిరి. ఒక గడియలో రాజ్యము మారెను. ఆ రాజ్యము దుష్టమైనదే, ఆహాబు ఇంటిమీద తీర్పు రావలసినదే. యెహూ అభిషేకమును దేవుని ఆజ్ఞవలననే కలిగినది. ఇంతవరకు చదివి ఆగినయెడల, దుష్ట ప్రభుత్వమును కూలద్రోసిన సేనాధిపతికి దేవుని ఆమోదమున్నదని తీర్మానించి సంతోషింపవచ్చును.

అయితే తరువాతి అధ్యాయము చదువుము. యెహూ షోమ్రోను పెద్దలకు ఉత్తరములు వ్రాసెను. భయపడి వారు ఆహాబు కుమారులు డెబ్బదిమందిని చంపి, తలలను గంపలలో పెట్టి యెజ్రెయేలునకు పంపిరి. అవి రాత్రియంతయు పట్టణ ద్వారమునొద్ద రెండు కుప్పలుగా పడియుండెను. ఉదయమున యెహూ వచ్చి జనులయెదుట నిలిచి, మీరు నిర్దోషులు, నా యజమానుని చంపినది నేనే, కాని వీరినందరిని చంపినది ఎవరు అని అడిగెను. ఉత్తరము వ్రాసినవాడే ఈ ప్రశ్న అడుగుచున్నాడు! వ్రాసినవాడు కత్తి పట్టలేదు; కత్తి పట్టినవారు ఉత్తరము వ్రాయలేదు. ఇద్దరిమధ్య డెబ్బదిమంది రక్తమునకు యజమానుడు లేకపోయెను. జుంటా పాలనలోని మర్మమంతయు ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది. మేము నిర్ణయించితిమి అందురు పైవారు. మాకు ఆజ్ఞ వచ్చినది అందురు క్రిందివారు. నేను చేసితిని అనువాడు మాత్రము కనబడడు.

దేవుడు ఆ ప్రశ్నను మరువలేదు. తరములు గడచిన తరువాత, హోషేయ నోట, యెజ్రెయేలులో ఒలికిన రక్తమునుగూర్చి యెహూ వంశమును దండింతునని సెలవిచ్చెను. దేవునిచేత వాడబడినవాడును లెక్క చెప్పకుండ తప్పించుకొనజాలడు. ప్రార్థనకు వచ్చిన జవాబే అయినను, ఆ జవాబు పేరట ఒలికిన రక్తమునకు విచారణ కలదు.

ఈ విచారణకు ఒక ఛాయను మన కాలమున ఆర్జెంటీనాలో చూచితిమి. అక్కడ 1976 మార్చి 24న సైన్య, నౌకా, వైమానికదళముల అధిపతులైన విడేలా, మస్సేరా, అగోస్టి అను ముగ్గురు అధికారము పట్టుకొనిరి. యౌవనస్థులను ఇండ్లనుండి, కాలేజీలనుండి పట్టుకొనిపోయిరి. ఎక్కడికో ఎవ్వరును చెప్పలేదు. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు బ్వేనోస్ ఐరెస్‌లోని మే మైదానమున, ప్రభుత్వ భవనమునకు ఎదురుగా నిలిచిరి. మా బిడ్డ ఎక్కడ అనునదే వారి ప్రశ్న. ఆ తల్లులలో ముగ్గురు ఆ సంవత్సరాంతములోపలనే పట్టుకొనిపోబడి చంపబడిరి. మిగిలినవారు మానలేదు. 1983లో సైన్యము గద్దె దిగెను. మరుసటి సంవత్సరము ఒక జాతీయ కమిషను, కనబడకుండ పోయినవారిలో 8,960 మందిని లెక్కించి నివేదిక ఇచ్చెను. 1985లో ఒకదాని తరువాత ఒకటిగా ఏలిన జుంటాల సభ్యులు తొమ్మండుగురు సాధారణ న్యాయస్థానము ఎదుట నిలువవలసివచ్చెను. జుంటా అంతయు ఒకటిగా దోషియని న్యాయాధిపతులు ముద్దగా తీర్పు చెప్పలేదు. ఎవని దళము చేసినదానికి వానిని బాధ్యునిగా ఎంచి, ఒక్కొక్కని విడివిడిగా విచారించిరి. విడేలాకును మస్సేరాకును యావజ్జీవ కారాగారము, మరి ముగ్గురికి తక్కువ శిక్షలు విధించిరి, నలుగురిని విడిచిపెట్టిరి. విడుదలైనవారినిగూర్చి ఆ దేశములో నేటికిని వాదము కలదు. కాని మేము అను తెరను తీసి, నీవు ఏమి చేసితివని ఒక్కొక్కని అడుగుట న్యాయమునకు మొదటి మెట్టు. ఆ తల్లులు మైదానములో నిలిచి అడిగినదియు అదే.

మన పొరుగునున్న బర్మా ఈ పాఠమును మరియొక విధముగా నేర్పుచున్నది. ఆ దేశముతో తెలుగువారికి పాత సంబంధము కలదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినవారు అక్కడ ఎందరో ఉండుటచేత, తెలుగువారిని కోరంగీలని అక్కడివారు పిలిచెడివారు. 1962 మార్చి 2న నే విన్ అను సేనాధిపతి విప్లవ మండలి పేరట అధికారము పట్టుకొనెను. 1964లో అంగళ్లును వ్యాపారములును జాతీయము చేయబడగా, లక్షలకొలది భారతీయులు ఆ దశాబ్దములో కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. వారిలో మనవారు అనేకులు. 1966లో విదేశ మిషనరీలు వెళ్లిపోవలసివచ్చెను. 1988లో సేనాధిపతులు చట్టమును శాంతిని పునరుద్ధరించు మండలి అని పేరు పెట్టుకొనిరి. 1990 ఎన్నికలలో జనులు ఎదుటి పక్షమును గెలిపించినను అధికారము ఇయ్యలేదు. 1997లో పేరు మార్చి శాంతి, అభివృద్ధి మండలి అనిరి. 2021 ఫిబ్రవరి 1న ఎన్నికైనవారిని మరల బంధించి, పరిపాలన మండలి అనిరి. 2025 జూలైలో ఆ పేరును తీసివేసి భద్రత, శాంతి అను మాటలతో మరియొక పేరు పెట్టిరి. శాంతి అను మాట ఇన్నిసార్లు పలుకబడిన దేశములో కచీను, కరెను, చిన్ సంఘములవారు అడవులలో ఆరాధించుకొనవలసివచ్చెను. శాంతి లేకయే శాంతి అని పలుకువారినిగూర్చి యిర్మీయా చెప్పినది మనకు తెలియును.

అట్లయిన ఆయుధములు పట్టినవారు కలిసి చేసిన ప్రతి పనియు దుష్టమేనా? అట్లు చెప్పుట న్యాయము కాదు. 2 రాజులు 11వ అధ్యాయములో యాజకుడైన యెహోయాదా శతాధిపతులను పిలిపించి, ప్రమాణము చేయించి, అతల్యాను తొలగించెను. కాని అతడు గాని శతాధిపతులు గాని సింహాసనము ఎక్కలేదు. ఏడేండ్ల యోవాషుకు, హక్కుగలవానికి, దానిని అప్పగించిరి. అంతేకాక రాజునకును జనులకును మధ్య నిబంధన చేయించెను. పోర్చుగలులో 1974 ఏప్రిల్ 25న యువ సైనికాధికారులు, దాదాపు ఐదు దశాబ్దములు సాగిన నిరంకుశ పాలనను తొలగించిరి. అప్పుడు ఏర్పడిన సేనాధిపతుల మండలికి కూడ జుంటా అనియే పేరు. ఆ మధ్య నెలలలో కలతలు లేకపోలేదు. సైన్యము రాజకీయములనుండి పూర్తిగా తొలగుటకు మరి కొన్ని సంవత్సరములు పట్టెను. అయినను సంవత్సరములోపల ఎన్నికలని ఇచ్చిన మాట ప్రకారము, 1975 ఏప్రిల్ 25న జనులు వరుసలు కట్టి ఓటు వేసిరి.

కాబట్టి పేరును చూచి కాదు, మూడు సంగతులను విచారించి మనము తీర్పు తీర్చవలెను. పట్టుకొనిన అధికారమును ఎవరికొరకు పట్టుకొనిరి? తమ పనులకు ఎవరియెదుట జవాబు చెప్పుదురు? ఏ దినమున తిరిగి అప్పగింతురు? ఈ మూటికిని జవాబు లేని కూడిక, మొదట ఎంత మేలు చేసినట్లు కనబడినను, యెహూ మార్గమున నడచుచున్నది.

ప్రియులారా, ఇది దూరదేశముల సంగతియని విడువకుందము. బల్లచుట్టు నలుగురు కూర్చుండి, అక్కడ లేనివాని బ్రదుకును నిర్ణయించు పని మన మధ్యను జరుగును. పంచాయితీలోను, పాఠశాల కమిటీలోను, సంఘపు సెషనులోను జరుగును. ఒక పనివానిని తీసివేయుదుము, ఒక విధవరాలి అర్జీని త్రోసివేయుదుము. కారణము అడుగుటకు వచ్చినయెడల, ఇది కమిటీ తీర్మానమందుము. ఆ తీర్మానమునకు చెయ్యెత్తిన ప్రతివాడును, నేనును ఎత్తితిని, కారణమిది అని ఆమె ముఖము చూచి చెప్పగలిగినయెడల ఆ కూడిక మంచిది. చెప్పలేనియెడల, తుపాకి లేకున్నను అది జుంటాయే.

జుంటా అను మాటలో కాడి యున్నదని మొదట చెప్పుకొంటిమి. ఆ మాట పుట్టినప్పుడు కూడినవారే కాడి మోసిరి. తరువాత కూడినవారు కాడిని జనుల మెడమీద పెట్టిరి. తన కాడి ఎత్తుకొనుమని పిలిచిన ప్రభువు మాత్రము తానును ఆ కాడి క్రింద మెడ వంచినవాడు. ఈ మాసము కుటుంబ ప్రార్థనలలో, సైనిక పాలనల క్రింద నలిగిన జనులను, బిడ్డల జాడ తెలియక కాచుకొనియున్న తల్లులను జ్ఞాపకము చేసికొనుడి. కమిటీలలో కూర్చుండు మన పెద్దలకొరకును ప్రార్థించుడి. వీరినందరిని చంపినది ఎవరు అని యెహూ అడిగిన ప్రశ్న పట్టణ ద్వారమున జవాబు లేక నిలిచిపోయెను. దేవుని న్యాయపీఠము ఎదుట అది అట్లు నిలిచిపోదు.